ఫ్రీ కార్డు, మూడున్నర రూపాయల మిత్తి

ఈసారి మన ఎడిటర్ నన్ను కవిత అడగలేదు. అది అందరికీ మంచిదే అయింది. "నీకు బాగా తెలిసిన విషయం ఏదైనా పాఠంలా రాయి, తెలుగులో" అన్నారు. నాకు ఈమధ్య బాగా తెలిసిన విషయం ఒక్కటే ఉంది. యాన్యువల్ ఫీజు లేని రెండు క్రెడిట్ కార్డులు ముందు పెడితే ఏది తీసుకోవాలి? నవ్వకండి. పది నిమిషాల పని అనుకుని కూర్చున్నాను, పన్నెండు రోజులు పట్టింది. లెక్కకు రెండు రోజులే, మిగతా పది రోజులూ ఆ లెక్కను బాపుకు చెప్పడానికి పట్టినవే. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం కదా, నాకు తెలిసిందంతా ఇంగ్లిష్‌లోనే తెలుసు. "మినిమమ్ డ్యూ" అంటే ఏమిటో నాకు తెలుసు. బాపు "అంటే ఏందిరా?" అంటే మాత్రం నోట్లో మాట లేదు.

మాది భూపాలపల్లి. బాపు సింగరేణిలో పనిచేస్తాడు. మా ఊరి గురించి తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. నెలనెలా జీతం బ్యాంకులోనే పడుతుంది, దసరా ముందు లాభాల వాటా, దీపావళికి బోనస్. కాబట్టి కార్డులు అమ్మేవాళ్లకూ లోన్లు ఇచ్చేవాళ్లకూ మా నాన్నలు చాలా ఇష్టం. మొన్న ఎండాకాలం సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు బాపు ఫస్ట్ షిఫ్ట్ దిగి వస్తూ ఒక రంగుల కాగితం తెచ్చాడు. దారిలో గొడుగు కింద బల్ల వేసుకుని కూర్చున్నవాళ్లు ఇచ్చారట.

"అరేయ్, ఈళ్లు ఊకెనే ఇస్తున్నరట. జిందగీ మొత్తం ఊకెనేనట. తీసుకుందామా? నువ్వు కంప్యూటర్ చదువుతున్నవు గదా, జర చూడు."

"లైఫ్‌టైమ్ ఫ్రీ"కి ఇంతకంటే మంచి తెలుగు నేనింతవరకూ చూడలేదు. జిందగీ మొత్తం ఊకె.

అది ఒక బ్యాంకువాళ్ల రూపే కార్డు. బ్యాంకు పేరు రాయను, ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది. దానికి పోటీగా నేను పెట్టింది అమెజాన్ పే ఐసీఐసీఐ కార్డు. 2018లో వచ్చిందిది, మన హాస్టల్‌లో కాస్త సంపాదన ఉన్న సీనియర్ల దగ్గర కనిపించేది అదే. దానికీ చేరే ఫీజు లేదు, ఏడాది ఫీజు లేదు. సరే, రెండూ ఫ్రీ. ఇక చూడాల్సింది ఏది ఎక్కువ వెనక్కి ఇస్తుందన్నదే, అనుకున్నాను. నా మొదటి తప్పు అదే.

"ఫ్రీ" అనే మాటకు ఈ లోకంలో మూడు అర్థాలున్నాయి. మొదటిది, మొదటి ఏడాది మాత్రమే ఫ్రీ, రెండో ఏడు నుంచి బిల్లులో ఫీజు తానే వచ్చి కూర్చుంటుంది. రెండోది, ఏడాదిలో ఇన్ని వేలు ఖర్చు పెడితే ఫీజు మాఫీ. అంటే ఫీజు తప్పించుకోవడానికి మనం అవసరం లేనివి కొనాలి. మూడోదే అసలైన లైఫ్‌టైమ్ ఫ్రీ. కాగితం మీద ఈ మూడింటికీ "ఫ్రీ" అక్షరాల సైజు ఒకటే.

మా మామకు దొరికింది మొదటి రకం. పరకాల దగ్గర ఉంటాడు. కొన్నేళ్ల కింద ఎవరో ఇస్తే ఒక కార్డు తీసుకున్నాడు, రెండుసార్లు వాడాడు, బిల్లు కట్టేశాడు. తర్వాత "మనకెందుకీ లొల్లి" అని కత్తెరతో నాలుగు ముక్కలు చేసి పారేశాడు. కార్డు పోతే ఖాతా పోయినట్టే అనుకున్నాడు. కానీ ఖాతా బతికే ఉంది. రెండో ఏడాది ఫీజు పడింది, కట్టలేదు. దాని మీద లేట్ ఫీజు, దాని మీద మిత్తి, అన్నిటి మీద జీఎస్టీ. మెసేజ్‌లు పాత నంబర్‌కు పోయాయి. పోయినేడు మా బావ పై చదువుకు ఎడ్యుకేషన్ లోన్ అడిగితే, తండ్రి కూడా సంతకం పెట్టాలి కదా, మామ క్రెడిట్ రిపోర్ట్ తీశారు. అందులో ఈ బకాయి బయటపడింది. వస్తువు కొనని బకాయి! అది తీర్చి, రిపోర్ట్ సరిచేయించుకునేసరికి అడ్మిషన్ టైమ్ దగ్గరపడి, ఇంట్లో నిద్రల్లేవు. మా ఇంట్లో "కార్డు" అన్న మాట ఎత్తగానే అమ్మ ముఖం మారిపోవడానికి కారణం ఇదే. నేనూ రెండేళ్లలో లోన్ కోసం బాపు సంతకమే అడగబోతున్నాను. అందుకే ఈ విషయం నాకు కాలక్షేపం కాదు.

ఇక్కడ ఒక రూల్ రాసిపెట్టుకోండి. 2022 ఏప్రిల్ 21న రిజర్వ్ బ్యాంక్ క్రెడిట్, డెబిట్ కార్డుల మీద ఒక పెద్ద ఆదేశం ఇచ్చింది. దాని ప్రకారం, బకాయి లేకుండా చేసి, కార్డు మూసేయమని అడిగితే బ్యాంకు ఏడు పనిదినాల్లో మూసేయాలి. లేటు చేస్తే రోజుకు 500 రూపాయల చొప్పున మనకే కట్టాలి. కానీ అడగాలి. కత్తెర అడగడం కిందికి రాదు. అడగకుండా కార్డు అంటగట్టడం కూడా ఆ ఆదేశం ప్రకారం తప్పు. కార్డు వచ్చి 30 రోజుల్లో మనం యాక్టివేట్ చేయకపోతే బ్యాంకు మన అనుమతి ఓటీపీతో తీసుకోవాలి, మనం ఇవ్వకపోతే పైసా అడక్కుండా మూసేయాలి.

మళ్లీ రెండు కార్డుల దగ్గరికి వద్దాం. బాపు ఫోన్‌లోని ఏడాది చెల్లింపులన్నీ దింపి ఒక షీట్‌లో వేశాను. ఈ పని మీరు కూడా మీ ఇంట్లో ఒకసారి చేయండి. మనవాళ్లు డబ్బు ఎక్కడ పెడుతున్నారో మనకు నిజంగా తెలియదు. మా ఇంటి చిట్టీ, అప్పుల కిస్తీ, నా హాస్టల్ డబ్బులు ఇవన్నీ కార్డుతో పోయేవి కావు, తీసేశాను. పెట్రోల్ కూడా తీసేశాను, ఎందుకంటే చాలా కార్డులు దానికి పాయింట్లు ఇవ్వవు. మిగిలిన వాటిలో కిరాణా నెలకు 6,000. అవ్వ మందులు 1,500. కూరగాయలు, పాలు, చికెన్ 4,000 అవుతాయి గానీ సంతలో సగం మందివి సొంత పేరు మీద ఉన్న స్కానర్లు. రూపే క్రెడిట్ కార్డు యూపీఐలో వ్యాపారి క్యూఆర్‌కే పోతుంది, మనిషి నుంచి మనిషికి పోదు. కాబట్టి 2,000 మాత్రమే పట్టుకున్నాను. ఆన్‌లైన్‌లో కొనేవి నెలకు 1,500. దసరాకు బట్టలూ అవీ కలిపి ఒకేసారి 20,000.

అమెజాన్ కార్డు వీసా మీద నడుస్తుంది. అంటే దాన్ని యూపీఐ యాప్‌లో కలిపి క్యూఆర్ స్కాన్ చేయలేం. మా కిరాణా షాపులో స్వైప్ మెషీన్ లేదు, మెడికల్ షాపులోనూ లేదు. అంటే ఆ కార్డు మా ఇంట్లో పనిచేసేది రెండే చోట్ల, ఆన్‌లైన్‌లో ఒకటి, దసరా బట్టల షాపులో ఇంకొకటి. ఆన్‌లైన్ 18,000 మీద 5 శాతం అని నేను ముందు గొప్పగా 900 వేసుకున్నాను. తర్వాత చూస్తే 5 శాతం ప్రైమ్ సభ్యులకే, మిగతావాళ్లకు 3. పూర్తి ప్రైమ్ సభ్యత్వం నేను చూసినప్పుడు ఏడాదికి 1,499. ఆ అదనపు 2 శాతంతో 1,499 రాబట్టాలంటే ఏడాదికి 74,950 రూపాయల సామాన్లు అక్కడే కొనాలి! ఫ్రీ కార్డుకు ఫీజు పక్కింట్లో ఉందన్నమాట. సినిమాల కోసం ప్రైమ్ ఎలాగూ కట్టేవాళ్ల సంగతి వేరు, మా ఇంట్లో లేదు. కాబట్టి 3 శాతం, 540. బట్టల 20,000 మీద 1 శాతం, 200. మొత్తం ఏడాదికి 740 రూపాయలు.

రూపే కార్డు? దానికి పొలం పెద్దది. నెలకు 9,500 చొప్పున ఏడాదికి 1,14,000, దానికి బట్టలు 20,000, ఆన్‌లైన్ 18,000 కలిపితే 1,52,000. కాగితం మీద పెద్ద అక్షరాల్లో "ప్రతి 100కి 2 పాయింట్లు" అని ఉంది. నేనది 2 శాతం అనుకున్నాను. వెనకవైపు, బియ్యపు గింజంత అక్షరాల్లో, పాయింటు విలువ 25 పైసలు. అంటే అర శాతం. 760 రూపాయలు వస్తాయి. కానీ ఆ పాయింట్లను డబ్బుగా మార్చుకోవడానికి ఒక్కోసారి 99 రూపాయలు, ప్లస్ జీఎస్టీ. అంటే దాదాపు 117. మిగిలేది 643.

740, 643. పన్నెండు నెలల ఖర్చు అంతా తిప్పితే రెండు కార్డుల మధ్య తేడా 97 రూపాయలు. లాంజ్ గురించి కూడా కాగితంలో ఉంది, రైల్వే స్టేషన్లలో, ఎయిర్‌పోర్టుల్లో. మా భూపాలపల్లికి రైలే లేదు, మామునూరులో విమానం ఎగిరిన రోజు ఆ సంగతి చూసుకుందాం.

ఇక్కడిదాకా చాలామంది చేస్తారు, ఇక్కడే ఆపేస్తారు. నేను కూడా ఆపేసి "అమెజాన్‌దే బెటర్ బాపూ" అన్నాను. అప్పుడు బాపు అడిగింది వేరు. "ఒక నెల కట్టకపోతే?"

దీనికి కాగితం మీద "42% వార్షిక వడ్డీ" అన్నట్టు ఉంటుంది. నేను అదే చదివి వినిపించాను. బాపు మొహంలో ఏ మార్పూ లేదు. నలభై రెండు శాతం అన్నా, ఇరవై నాలుగు అన్నా ఆయనకు ఒకటే, ఎందుకంటే మా దగ్గర మిత్తిని ఎవరూ ఏడాదికి శాతంలో మాట్లాడరు. నెలకు నూటికి ఎన్ని రూపాయలు అని మాట్లాడతారు. రెండు రూపాయల మిత్తి అంటే మామూలు. మూడు రూపాయలంటే అవసరం ఎక్కువైనవాడు తెచ్చుకునేది. నేను 42ను పన్నెండుతో భాగించి చెప్పాను: "నెలకు మూడున్నర రూపాయల మిత్తి బాపూ."

మంచం మీద నుంచి లేచి కూర్చున్నాడు. "మూడున్నరనా? ఎవడన్న తీస్కుంటడారా గట్ల?"

దాని మీద 18 శాతం జీఎస్టీ ఉంటుందని చెప్పాక అది నాలుగు రూపాయల పదమూడు పైసలైంది. ఆరేడేళ్లుగా ఇంగ్లిష్‌లో చదువుతున్న "ఏపీఆర్" అనే మాట నాకు కూడా ఆ సాయంత్రమే అర్థమైంది.

మినిమమ్ డ్యూకి "కనీస బకాయి" అని బ్యాంకు తెలుగు ఉంది గానీ, బాపుకు లెక్కతోనే చెప్పాను. సెప్టెంబర్ 5న 12,000 పెట్టి ఒక వస్తువు కొన్నాం. 20న బిల్లు వచ్చింది. అక్టోబర్ 10 గడువు. ఆ రోజు మొత్తం కట్టేస్తే మిత్తి సున్నా, 35 రోజులు బ్యాంకు సొమ్ము ఊరికే వాడుకున్నట్టు. కానీ బిల్లు మీద "కనీసం 600 కట్టండి" అని కూడా ఉంటుంది. అది చూసి 600 కట్టామనుకోండి. అప్పుడు మిత్తి అక్టోబర్ 10 నుంచి లెక్కపెట్టరు, సెప్టెంబర్ 5 నుంచి లెక్కపెడతారు, అది కూడా 12,000 మొత్తం మీద. 35 రోజులకు 483 రూపాయలు. తర్వాత 20న వచ్చే బిల్లు దాకా పది రోజులకు 11,400 మీద 131. జీఎస్టీ 111. కలిపితే 725. అప్పు ఇప్పుడు 12,125. ఆరు వందలు కట్టిన తర్వాత, కట్టకముందు కంటే ఎక్కువ! పైగా పాతది తీరేదాకా కొత్తగా కొన్నవాటికి కూడా ఊరికే వాడుకునే రోజులుండవు, కొన్న రోజు నుంచే మిత్తి. కనీస బకాయి కడితే అప్పు అలా పెరుగుతూ పోకుండా ఆ మొత్తాన్ని లెక్కకట్టాలని రిజర్వ్ బ్యాంక్ చెప్పింది, అందుకే తర్వాతి బిల్లులో కనీస మొత్తంలోకి ఈ మిత్తి కూడా వచ్చి చేరుతుంది. మనం మాత్రం మళ్లీ 600 ఉంటుందనుకుంటాం.

అసలే కట్టడం మర్చిపోతే లేట్ ఫీజు. ఆ రూపే కాగితంలో పది వేలు దాటిన బిల్లుకు 750 ఉంది, జీఎస్టీతో 885. మా ఏడాది సంపాదన ఏ కార్డు మీదైనా ఏడు వందలకు అటూ ఇటూనే. ఒక్క నెల మరుపుతో అంతా పోయి, ఇంకా మనమే ఎదురు కట్టాలి. గడువు దాటి మూడు రోజులకు మించితేనే లేట్ ఫీజు వేయాలి, క్రెడిట్ బ్యూరోకు చెప్పాలి అని రూల్ ఉంది, అది కాస్త ఊరట.

ఇంత మిత్తి న్యాయమేనా అని బాపు అడిగాడు. ఆ ప్రశ్న పెద్ద కోర్టుల దాకా పోయింది. 30 శాతం దాటి వసూలు చేయడం అన్యాయమైన వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008 జూలైలో తీర్పు ఇచ్చింది. బ్యాంకులు అప్పీలుకు పోయాయి, 2024 డిసెంబర్ 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఇప్పుడు ఆ 30 గీత లేదు.

మధ్యలో ఒక ముచ్చట చెప్పాలి, మన క్లబ్ కాబట్టి. మన దేశంలో క్రెడిట్ కార్డులు మొట్టమొదట తెచ్చిన బ్యాంకుల్లో మన ఆంధ్రా బ్యాంక్ ఒకటి, 1981లో. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు మచిలీపట్నంలో 1923లో పెట్టిన బ్యాంకు. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్‌లో కలిసిపోయింది. 2022 సెప్టెంబర్‌లో రూపే క్రెడిట్ కార్డును యూపీఐలో వాడే సౌకర్యం మొదలైనప్పుడు ముందు వరసలో ఉన్న మూడు బ్యాంకుల్లో ఆ యూనియన్ బ్యాంక్ కూడా ఉంది. అంటే కార్డు మొదట బల్ల మీదికి వచ్చినప్పుడూ, తర్వాత క్యూఆర్‌లోకి దూరినప్పుడూ ఆ ఇంటివాళ్లు అక్కడే ఉన్నారు.

ఆ క్యూఆర్ గురించే మా ఇంట్లో అసలు గొడవ. స్కాన్ చేస్తే చాలు కదా, నాకు రూపే కార్డు సౌకర్యంగా అనిపించింది. అమ్మకు అదే నచ్చలేదు. "పాల పాకెట్ కూడా అప్పుకు తెస్తమా?" అంది. నేను లెక్కపెట్టాను. మా కిరాణా, కూరగాయలు, మందులు కలిపి నెలకు అరవై డెబ్బై స్కాన్లు. ఖాతాలో డబ్బు తగ్గదు, తగ్గినట్టు కనిపించదు, బిల్లు వచ్చిన రోజు ఒక్కసారిగా కనిపిస్తుంది. ఈ సంగతి నా షీట్‌లో ఏ కాలమ్‌లోనూ లేదు. అమ్మ షీట్ చూడకుండానే చెప్పింది.

ఇంకొకటి. మా కిరాణా ఆయన దగ్గర మాకు ఉద్దెర ఖాతా ఉంది. రెండేళ్ల కింద బాపు బండి మీద నుంచి పడి కాలు విరిగి, మస్టర్లు పోయి, జీతం సగమైనప్పుడు రెండు నెలలు ఆయన ఉద్దెర మీదే ఇల్లు నడిచింది. మిత్తి లేదు, లేట్ ఫీజు లేదు. నేను కార్డు గురించి అడిగితే, "రూపాయి అర్ధరూపాయి నాకు కట్ అయితదేమో బిడ్డా" అన్నాడు. చిన్న వ్యాపారులకు 2,000 లోపు చెల్లింపుల మీద చార్జీ లేదని చెప్పాను, నమ్మలేదు. నమ్మకపోవడం ఆయన ఇష్టం. అర శాతం పాయింట్ల కోసం ఆయన నోట్‌బుక్‌లో మా పేజీ కొట్టేయించడం బాపుకు ఇష్టం లేకపోయింది. నాకు అప్పుడు కొంచెం కోపం వచ్చింది, ఇప్పుడు లేదు.

అయినా ఒకసారి రూపే బల్ల దగ్గరికి పోయి ఫారం తెచ్చాం. రెండో పేజీలో "కార్డ్ ప్రొటెక్షన్ ప్లాన్" అన్న గడిలో ముందే టిక్ పెట్టి ఉంది. ఏడాదికి వెయ్యి దాటిన ఖర్చు అది. అడిగితే ఆ అబ్బాయి "అందరికీ గట్లనే వస్తది సార్" అన్నాడు. అతన్ని అని లాభం లేదు, అతనికి టార్గెట్ ఉంటుంది, మా సీనియర్ లాంటోడే. కానీ ఫ్రీ కార్డుకు వెయ్యి రూపాయలు ఇలా కూడా వస్తాయి. ఇంకో సంగతి, షరతులు సులువైన భాషలో, వీలైతే స్థానిక భాషలో కూడా ఇవ్వాలని ఆ 2022 ఆదేశంలోనే ఉంది. తెలుగు కాగితం ఉందా అని బాపు అడిగాడు. అతను నవ్వాడు. "ఇంగ్లిష్‌ల ఉంది గదా, మీ బాబు సదువుతడు."

తీసుకున్నది అమెజాన్‌దే, బాపు పేరు మీద. 97 రూపాయల కోసం కాదు. అది పనిచేసే చోట్లు తక్కువ కాబట్టి. నెలకు ఒకటో రెండో ఎంట్రీలు, బిల్లు వస్తే ప్రతి లైనూ గుర్తుంటుంది. మీ ఇల్లు వేరు కావచ్చు. హనుమకొండలోనో హైదరాబాద్‌లోనో ఉండి, అంతా స్కాన్ చేసి, నెలాఖరుకు లెక్క చూసుకునే అలవాటున్నవాళ్లకు రూపేనే సరిపోవచ్చు. కార్డు చేతికొచ్చాక మేం చేసిన పనులు మాత్రం అందరికీ పనికొస్తాయి. బ్యాంకు ఇచ్చిన లిమిట్‌ను యాప్‌లో 15,000కు తగ్గించాం. విదేశీ చెల్లింపులు ఆపేశాం. ఆటో పే పెట్టాం, అందులో "టోటల్ డ్యూ" అని ఎంచుకున్నాం. అక్కడ "మినిమమ్ డ్యూ" అని ఇంకో ఆప్షన్ ఉంటుంది, పొరపాటున అది నొక్కితే ప్రతి నెలా కడుతూనే మిత్తిలో మునుగుతారు. బిల్లింగ్ తేదీని కనీసం ఒకసారి మార్చుకునే హక్కు ఉంది, కాబట్టి గడువు బాపు జీతం పడ్డాక వచ్చేలా చూసుకున్నాం. ఏటీఎంలో క్రెడిట్ కార్డుతో డబ్బు తీయొద్దని బాపుకు రెండుసార్లు చెప్పాను. అక్కడ ఊరికే వాడుకునే రోజులే ఉండవు, తీసిన క్షణం నుంచే మిత్తి, పైన ఫీజు.

మన సంగతి అంటారా? పంతొమ్మిదేళ్లకు, జీతం లేకుండా, మామూలు కార్డు ఎవరూ ఇవ్వరు. ఎఫ్‌డీ పెడితే దాని మీద ఇచ్చే కార్డులున్నాయి, వాటిలో ఏడాది ఫీజు లేనివీ ఉన్నాయి. కట్టకపోతే ఎఫ్‌డీలో కోసుకుంటారు. చిన్న మొత్తం వాడి, పూర్తిగా కడుతూ పోతే మన పేరు మీద చరిత్ర మొదలవుతుంది. ఫీజు లేదు కాబట్టి ఏళ్లతరబడి మూయకుండా ఉంచొచ్చు, ఖాతా వయసు పెరుగుతుంది. కానీ ఇవన్నీ ఆలోచించే ముందు ఇంట్లో అమ్మానాన్నల క్రెడిట్ రిపోర్ట్ తీయండి. దేశంలో నాలుగు బ్యూరోలున్నాయి, సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్. ఒక్కొక్కటి ఏడాదికొకసారి పూర్తి రిపోర్ట్ ఊరికే ఇవ్వాలి. లోన్‌కు పోయిన రోజు కాదు, ఇప్పుడే చూడండి. మా బావ అలా చూసి ఉంటే వాళ్లింట్లో ఆ ఎండాకాలం వేరేలా ఉండేది.

మొదటి బిల్లు నేను కాలేజీకి వచ్చాక వచ్చింది. అవ్వకు కొన్న మోకాలి పట్టీ, ఒక కుక్కర్ గాస్కెట్, ఇంకేదో కలిపి 1,249. జీతం పడ్డ మూడో రోజు మొత్తం కట్ అయింది. బాపు వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పెట్టి ఫోన్ చేశాడు.

"అరేయ్, ఈ 37 ఏందిరా?"

"క్యాష్‌బ్యాక్ బాపూ. మనకొచ్చింది."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నవ్వాడు. "మూడు ఛాయ్‌లకు అయితయి."